పూట, బంతి, కుర్చీ: తెలుగునాట భోజన విక్రయంలో కాలం, ఆదాయం

ఉపోద్ఘాతం

డబ్బు పుచ్చుకొని అన్నం పెట్టే ఇంటికి తెలుగులో ఉన్న పాత పేరు పూటకూటి ఇల్లు. ఈ సమాసంలోని మాటలు పూట, కూడు, ఇల్లు. కూడు శబ్దానికి బహువచనం కూళ్లు, ఔపవిభక్తిక రూపం కూటి. అందువల్లనే ఒకచోట పూటకూళ్లమ్మ అనీ, మరొకచోట పూటకూటి ఇల్లు అనీ వింటాం. ఈ పేరులో వంటకం ప్రస్తావన లేదు, వండినవారి ప్రస్తావన లేదు. కాలం ప్రస్తావన ఉంది. అమ్ముడయ్యేది ఒక పూటకు సరిపోయే అన్నమని పేరే చెబుతున్నది.

భోజనశాల ఆదాయానికి మూలం అన్నం ఒక్కటే కాదనీ, తినేవాడు కూర్చున్న చోటు, కూర్చున్నంత సేపు కూడా అమ్ముడుపోయే సరుకులేననీ ఆధునిక నిర్వహణశాస్త్రం ఇరవయ్యో శతాబ్ది చివర సూత్రీకరించింది. తెలుగునాట భోజన విక్రయ సంస్థలు అంతకు ఎంతో ముందునుంచే ఈ సమస్యతో తలపడ్డాయి. అయితే మన పూర్వులకు ఆ శాస్త్రం ముందే తెలుసునని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అన్నాన్ని ఏ కొలతతో అమ్మారు, ఆ కొలత మారినప్పుడు ఎవరి కాలానికి విలువ వచ్చింది, ఎవరు బయట నిలబడవలసి వచ్చింది అన్న ప్రశ్నలను సాహిత్య, సామాజిక సాక్ష్యాల ఆధారంగా పరిశీలించడమే ఇక్కడి ప్రయత్నం. బంతి నుంచి కుర్చీకి జరిగిన మార్పు వ్యాపారపరమైనదే కాక సహపంక్తికి సంబంధించినది కూడా అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఆసన–గంట అనే కొలమానం

ఖాళీగా పోయిన చోటును మరునాడు అమ్ముకోలేమన్న ఎరుక విమానయాన రంగంలో ఒక శాస్త్రంగా రూపొందింది. 1972లో బ్రిటిష్ విమాన సంస్థ బి.ఓ.ఎ.సి.కి చెందిన కెన్నెత్ లిటిల్‌వుడ్ తక్కువ ధర ప్రయాణికులకు ఎన్ని సీట్లు ఇవ్వాలి, ఎక్కువ ధర ఇచ్చేవారి కోసం ఎన్ని నిలిపి ఉంచాలి అన్న ప్రశ్నకు గణిత నియమాన్ని ప్రతిపాదించారు. 1978లో అమెరికాలో విమాన ఛార్జీలపై ప్రభుత్వ నియంత్రణ తొలగిన తరువాత ఈ ఆలోచన విస్తరించి హోటల్ గదులకూ వర్తించింది. 1998లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన షెరిల్ కైమ్స్, ఆమె సహపరిశోధకులు దీనిని భోజనశాలకు అన్వయించారు. విమానంలో సీటు ఎంతసేపటికి అమ్ముడవుతుందో ముందే తెలుసు. భోజనశాలలో కుర్చీ ఎంతసేపటికి అమ్ముడైందో తిన్నవాడు లేచేదాకా తెలియదు. అందుచేత వారు అందుబాటులో ఉన్న ఒక్కొక్క ఆసనానికి గంటకు వచ్చే ఆదాయాన్ని కొలమానంగా తీసుకున్నారు. ఈ వ్యాసంలో దానిని ‘ఆసన–గంట ఆదాయం’ అని వ్యవహరిద్దాం.

ఒక కల్పిత ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. 40 కుర్చీలున్న ఒక భోజన హోటలు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకు నడుస్తుందనుకొందాం. అమ్మకానికి ఉన్నవి 160 ఆసన–గంటలు. 120 రూపాయల భోజనం 200 మంది తింటే వచ్చేది 24,000 రూపాయలు, అంటే ఆసన–గంటకు 150 రూపాయలు. ఒక్కొక్క కుర్చీలో సగటున ఐదుగురు కూర్చున్నారు కాబట్టి ఒక్కొక్కరికి 48 నిమిషాలు పడినట్లు లెక్క. కాని మనిషి తినడానికి పట్టేది 24 నిమిషాలే అయితే తక్కినసగం ఎక్కడికి పోయింది? కుర్చీ ఖాళీగా ఉండడంలో, వడ్డన కోసం ఎదురుచూడడంలో, బిల్లు రావడంలో, ఎంగిలి బల్ల తుడవడంలో పోయింది. తినేవాణ్ణి తొందరపెట్టడం కన్న ఈ తినని కాలాన్ని తగ్గించడమే మేలన్నది ఈ లెక్క నేర్పే పాఠం. ఈ దృష్టితో చూస్తే తెలుగునాటి భోజనశాలల అలవాట్లలో చాలావాటికి కొత్త అర్థం స్ఫురిస్తుంది.

పూటకూటి ఇల్లు: చోటు కాదు, పెట్టుబడి

పూటకూటి ఇంటి ప్రస్తావనకు పరిశోధకులు తరచుగా ఉదాహరించే గ్రంథం క్రీడాభిరామం. దీని కర్తృత్వం వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అన్న వివాదం ఎలా ఉన్నా, కాకతీయుల ఓరుగల్లు నగర జీవితాన్ని చిత్రించిన కావ్యంగా దాని విలువ నిర్వివాదం. మంచనశర్మ, టిట్టిభసెట్టి నగరం తిరుగుతూ ఉండగా లక్ష్మణవజ్ఝల ఇంటి భోజనం ప్రస్తావనకు వస్తుంది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, నెయ్యి, పండ్లు మొదలైనవన్నీ కలిసి అక్కడ ఒక రూకకు లభిస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇటువంటి కావ్య సాక్ష్యాలనుంచే ఆనాటి ఆహార వ్యవహారాలను పునర్నిర్మించారు.

ఇక్కడ గమనించవలసిన అంశాలు మూడు. మొదటిది, ధర వంటకానికి కాదు, మొత్తం భోజనానికి. రెండవది, కవి ధరను చెప్పాడు, రుచిని చెప్పాడు, కాని ఎంతసేపు కూర్చోవచ్చునో చెప్పవలసిన అవసరం అతనికి కలగలేదు. మూడవది, ఆ స్థలం ఒక గృహస్థు పేరుతో గుర్తింపబడింది. అది ఇల్లే. వచ్చినవాడు డబ్బిచ్చినా అతిథి మర్యాద పూర్తిగా తొలగిపోలేదు. పూటకు ధర ఉంది, కూర్చున్న సేపటికి లేదు.

ఐదు శతాబ్దాల తరువాత గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ కనిపిస్తుంది. ఈమె విధవ. సంపాదనకు దారులు మూసుకుపోయిన ఆ కాలపు బ్రాహ్మణ వితంతువుకు సొంత వంటిల్లే వ్యాపారస్థలం. నాటకం మొదట్లోనే గిరీశం సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర 20 రూపాయలు తీసుకొని వేరే దానికి ఖర్చు చేసిన సంగతి తెలుస్తుంది. ఈ ఘట్టాన్ని గిరీశం శీలానికి నిదర్శనంగా చదవడం పరిపాటి. ఆర్థిక దృష్టితో చదివితే ఆ 20 రూపాయలు పూటకూటి ఇంటి నిర్వహణ మూలధనం. సంత జరిగేరోజున ముందుగా డబ్బు పెట్టి సరుకు కొని, తిన్నవారినుంచి తరువాత రాబట్టుకోవాలి. ఆ ఇంట కరువైనది కూర్చునే చోటు కాదు, చేతిలో ఉండవలసిన నగదు, ఇచ్చినది తిరిగి వస్తుందన్న నమ్మకం. ఎంతమంది ఎంతసేపు కూర్చున్నారన్నది ఆమెకు చింత కాదు. తిన్నవాడు డబ్బిస్తాడా ఎగవేస్తాడా అన్నదే చింత. ‘అరువు అడగరాదు’ అనే హోటలు పలకకు పూర్వచరిత్ర పూటకూళ్లమ్మ కష్టంలోనే ఉంది.

సత్రం: కొలత లేని అన్నం

పూటకూటి ఇంటికి సమాంతరంగా, దానికన్న గౌరవంగా నిలిచినది సత్రం. అన్నాన్ని అమ్మరాదన్న నైతిక భావన బలంగా ఉన్న సమాజంలో అన్న విక్రయం కొంత చిన్నతనంగానే చెలామణి అయింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చెన్నపట్టణం నుంచి కాశీకి చేసిన యాత్రను కాశీయాత్ర చరిత్రగా రాసినప్పుడు మజిలీ మజిలీకి బస, నీరు, సరుకులు దొరికే తీరును నమోదు చేశారు. దూరప్రయాణికునికి పూట గడవడం ఎంతటి ప్రశ్నో ఆ పుటలు చూపుతాయి. కోనసీమలో లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టినందుకే ప్రసిద్ధురాలయ్యారు. వేళను పాటించకపోవడమే అక్కడ ధర్మం. హోటలు వేళను పాటించకపోతే నష్టపోతుంది. అన్నదానానికీ అన్న విక్రయానికీ మధ్య తేడా ధర ఒక్కటే కాదు, కాలం పట్ల వైఖరి కూడా.

బంతి కాలం, కుర్చీ కాలం

భోజనకాలం సామూహికంగా నడిచే తెలుగు పద్ధతి బంతి. అందరూ ఒకేసారి కూర్చుంటారు, వడ్డన అందరికీ ఒకే క్రమంలో సాగుతుంది, పెరుగు వచ్చిందంటే ముగింపు దగ్గరపడిందని అర్థం. సంప్రదాయ పంక్తుల్లో ఆపోశనంతో అందరూ మొదలుపెట్టి ఉత్తరాపోశనంతో ముగిస్తారు. పక్కవారు తింటూ ఉండగా మధ్యలో లేవడం అమర్యాద. అందువల్ల బంతి ఎంతసేపు పడుతుందన్నది సగటు భోక్తను బట్టి కాక, అందరికన్న నెమ్మదిగా తినేవాణ్ణి బట్టి ఉంటుంది. రెండవ బంతి వారు అంతదాకా వేచి ఉండవలసిందే. ఆ వేచి ఉండడంలోనూ క్రమం ఉంది. ఎవరు మొదటి బంతిలో కూర్చోవాలి, ఎవరు చివరి బంతిలో కూర్చోవాలి, ఎవరికి బంతిలోనే చోటు లేదు అన్నది కులం, వయస్సు, లింగభేదం నిర్ణయించేవి. వండి వడ్డించిన స్త్రీల భోజనం అందరి తరువాతే. బంతిలో కాలం డబ్బుతో కాక హోదాతో పంపిణీ అయ్యేది.

ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో దక్షిణ కన్నడ ప్రాంతంనుంచి వచ్చిన ఉడుపి హోటలువారు మద్రాసులోనూ, ఇతర పట్టణాలలోనూ స్థిరపడ్డారు. కె. కృష్ణారావు 1938లో మద్రాసులో నెలకొల్పిన ఉడ్‌లాండ్స్ వీటిలో సుప్రసిద్ధమైనది. 1953 వరకు మద్రాసు తెలుగువారికి కూడా రాజధాని కాబట్టి, చదువులకూ, కచేరీ పనులకూ, అచ్చు పనులకూ అక్కడికి వెళ్లిన తెలుగువారికి హోటలు భోజనం నిత్యానుభవమైంది. హోటలులో ఎవరి ఆకు వారిది, ఎవరి కాలం వారిది. ముందు తిన్నవాడు ముందు లేస్తాడు, ఆ ఖాళీలో మరొకడు కూర్చుంటాడు. నెమ్మదిగా తినేవాడు తన కుర్చీని మాత్రమే ఆపగలడు, బంతి మొత్తాన్ని కాదు. సామూహికమైన భోజనకాలం వైయక్తికమైంది. ఆసన–గంట లెక్కకు పునాది ఇక్కడ పడింది.

అయితే కుర్చీ కాలం రావడంతోనే బంతి భేదం పోలేదు. ‘బ్రాహ్మణ భోజన హోటలు’ అన్న పలక మొదట వంటవాని కులానికి హామీ. అంతటితో ఆగక, కొన్నిచోట్ల కూర్చునే గదులు కూడా వేరయ్యాయి. పై ఉదాహరణలోని 40 కుర్చీలలో పదింటిని ఒక వర్గానికి ప్రత్యేకించామనుకొందాం. ఆ పదింటిలో సగం ఖాళీగా ఉన్నప్పుడు కూడా తక్కిన ముప్పై కోసం జనం నిలబడే ఉంటారు. యజమాని ఆ ఐదు కుర్చీల గంటలను నష్టపోతాడు. పంక్తిభేదం అధర్మమే కాక, ఆదాయ నష్టం కూడా. నలుగురి బల్ల దగ్గర ఇద్దరే కూర్చున్నప్పుడు తక్కిన రెండు కుర్చీలు వృథా కావడం ఆధునిక భోజనశాలలను వేధించే చిక్కు. బల్లల పరిమాణాలను వచ్చే బృందాల పరిమాణాలకు సరిపడేటట్లు అమర్చుకొమ్మని నిర్వహణశాస్త్రం సలహా ఇస్తుంది. మన భోజన హోటలు దీనికి కనుగొన్న పరిష్కారం మరింత సులువైనది: పరిచయం లేనివారిని ఎదురెదురుగా కూర్చోబెట్టడం. ఆ పరిష్కారం చెల్లాలంటే ఎదుట కూర్చున్నవాని కులం అడగకుండా తినడం అలవాటు కావాలి. రద్దీ వేళ హోటలు బల్ల చాలామంది తెలుగువారికి సహపంక్తి తొలిపాఠం నేర్పి ఉంటుందనడం అతిశయోక్తి కాదు.

ఇక్కడితో ఆగితే, వ్యాపార ప్రయోజనమే కులాన్ని కరగించిందన్న తప్పుడు నిర్ధారణకు వస్తాం. పల్లెటూరి టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి ఆ నిర్ధారణను ఖండిస్తుంది. అక్కడ దళితునికి వేరే గ్లాసు ఉండేది, తాగి తానే కడిగి పెట్టాలి, బల్లమీద చోటు ఉండేది కాదు. బల్ల ఖాళీగా ఉన్నా అతడు నిలబడో, నేలమీద కూర్చొనో తాగాలి. యజమానికి ఆ చోటు అమ్ముకోవడం లాభమే కదా, ఎందుకు అమ్మలేదు? ఒక కుర్చీని అతనికి అమ్మితే తక్కిన కుర్చీల గిరాకీ పోతుందన్న భయం, లేదా ఆ యజమానికే ఉన్న పట్టింపు. ఊరిలో పెత్తనం ఉన్న వర్గమే ప్రధాన గిరాకీ అయినప్పుడు లెక్క కూడా వివక్ష పక్షానే నిలుస్తుంది. పట్టణంలో ఎవరు ఎవరో తెలియని జనసమ్మర్దం వల్ల సాధ్యమైనది, అందరూ అందరినీ ఎరిగిన పల్లెలో సాధ్యం కాలేదు. అందువల్లనే చట్టం అవసరమైంది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలతోపాటు ప్రజా భోజనశాలల, హోటళ్ల ప్రవేశాన్ని పేర్కొన్నది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం హోటళ్లలో అందరి వాడుకకు ఉంచిన పాత్రల ప్రస్తావన కూడా చేసింది. గ్లాసు పేరు చట్టంలోకి ఎక్కవలసి వచ్చిందంటే కుర్చీ లెక్క ఒక్కటే చాలలేదని అర్థం. చట్టం తరువాత కూడా ఆ పద్ధతి పలుచోట్ల కొనసాగడం మన సమీప చరిత్ర.

పలకల భాష

హోటలులో కాలాన్ని నియంత్రించే సాధనాలలో భాష ముఖ్యమైనది. ‘మీల్స్ రెడీ’ అన్న పలక వంటకాన్ని కాక వేళను ప్రకటిస్తుంది. టిఫిను వేళ ముగిసి భోజనం వేళ మొదలైందని దాని భావం. ‘ఫుల్ మీల్స్’, ‘ప్లేట్ మీల్స్’ అన్న జంట పదాలు రెండు రకాల ఒప్పందాలు. మొదటిదానిలో అన్నం, కూరలు అడిగినంత. రెండవదానిలో పరిమాణం నిర్ణీతం. అడిగినంత పెట్టే హోటలుకు భయం బియ్యం ఖర్చుకన్న కాలం ఖర్చు గురించే. అందుకే అక్కడ వడ్డన వేగంగా సాగుతుంది, కొన్నిచోట్ల మజ్జిగ దశలోనే బిల్లు బల్లమీదికి వస్తుంది, రద్దీవేళ తరువాతి వ్యక్తి కుర్చీ వెనుకనే నిలబడి ఉంటాడు. ఎవరూ తొందరపెట్టరు, కాని తొందర ఉంటుంది.

ఎ.సి. హాలు, మామూలు హాలు అన్న విభజన మరింత స్పష్టమైన సాక్ష్యం. ఒకే వంటింట్లో వండిన అదే ఇడ్లీకి రెండు హాళ్లలో రెండు ధరలు. ధరలోని తేడా ఇడ్లీది కాదు, కూర్చున్న చోటుది, కూర్చోనిచ్చే సేపుది. పూటకూటి ఇంట విడిగా ధర లేని ఆసనానికి ఇక్కడ బహిరంగంగా ధర పలికింది. దీనికి రెండవ అంచు 1980లలో బెంగుళూరులో మొదలై తెలుగు పట్టణాలకూ పాకిన దర్శిని పద్ధతి. ముందే డబ్బు కట్టి టోకెను తీసుకోవడం, తన పళ్లెం తానే తెచ్చుకోవడం, ఎత్తైన బల్ల దగ్గర నిలబడి తినడం. కుర్చీనే తీసివేసిన తరువాత కూర్చున్న సేపు అన్న సమస్య లేదు. ధర తగ్గింది, నిలబడలేని వృద్ధులకు మాత్రం చోటు కరువైంది.

నెలవారీ మెస్సు వీటికి భిన్నం. విద్యార్థులు, చిరుద్యోగులు నెలకొకసారి డబ్బు కట్టి పూటపూటకు తింటారు. యజమానికి పెట్టుబడి ముందే చేతికి వస్తుంది. రాని పూటల ఖర్చు మిగులుతుంది. తినేవానికి నెలంతా ధర నిశ్చయం. పూటకూళ్లమ్మను పీడించిన నగదు సమస్యకు మెస్సు చెప్పిన సమాధానం ఇది.

హైదరాబాదు ఇరానీ హోటళ్లు ఈ క్రమంలో ఇమడని మినహాయింపు. పాలరాతి బల్లల దగ్గర ఒక చాయ్, ఒక ఉస్మానియా బిస్కట్‌తో చాలాసేపు కూర్చోవడం అక్కడి సంస్కృతి. ‘వన్ బై టూ’ అని ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకుంటే ఆసన–గంట ఆదాయం ఇంకా సగమవుతుంది. కవులు, కార్మికులు, నిరుద్యోగులు, ఉద్యమకారులు తమ మాటలకు చోటు వెతుక్కొన్నది అక్కడే. బేకరీ సరుకు, పెద్దసంఖ్యలో చాయ్ అమ్మకం కొంతవరకు ఆ చోటు ఖర్చును భరించాయి. నగర కూడళ్లలో స్థలం విలువ పెరిగేకొద్దీ ఆ లెక్క కుదరక అనేకం మూతపడ్డాయి. టీ హోటళ్లలో కనిపించే ‘రాజకీయాలు మాట్లాడరాదు’ అన్న పలకను పోలీసుల భయానికి మాత్రమే అన్వయించడం సరిపోదు. రాజకీయం మాట్లాడేవాడు త్వరగా లేవడు. బొంబాయి ఇరానీ కేఫ్ నిషేధాల పలకనే వస్తువుగా చేసుకొని నిస్సిం ఎజెకీల్ ఒక ఆంగ్ల కవిత రాశారు. తెలుగు హోటలు పలకలను సేకరించి పరిశీలించే పని మాత్రం ఇంకా మన ముందే ఉంది.

ముగింపు

పూట నుంచి నెలకు, ఆకు నుంచి ప్లేటుకు, బంతి నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి నిలబడే బల్లకు తెలుగునాట భోజన విక్రయపు కొలతలు మారుతూ వచ్చాయి. ప్రతి కొలతా ఒక సామాజిక ఏర్పాటే. పూట కొలతగా ఉన్నప్పుడు తినేవానికి తీరిక దక్కింది, పెట్టినవారికి ఎగవేత భయం మిగిలింది. బంతి హోదాను బట్టి కాలాన్ని పంచింది. కుర్చీ, డబ్బిచ్చినవాడెవడైనా కూర్చోవచ్చునన్న అవకాశాన్ని తెరిచింది, కాని ఆ అవకాశం హక్కుగా మారడానికి చట్టం, పోరాటం కావలసివచ్చాయి. ఇప్పుడు నిమిషాల లెక్క బలపడేకొద్దీ, తక్కువ ఖర్చుతో ఎక్కువసేపు కూర్చొని మాట్లాడుకొనే చోట్లు తరుగుతున్నాయి.

ఆసన–గంట ఆదాయం మంచి కొలమానం. తినని కాలం ఎక్కడ వృథా అవుతున్నదో అది చూపుతుంది. ఖాళీగా ఉన్న కుర్చీ ఎందుకు ఖాళీగా ఉందో మాత్రం అది చెప్పదు. గిరాకీ లేక ఖాళీగా ఉన్న కుర్చీ, గిరాకీ ఉన్నా ఒకణ్ణి కూర్చోనివ్వక ఖాళీగా ఉంచిన బల్ల, ఈ రెండూ పద్దు పుస్తకంలో ఒకే తీరుగా కనిపిస్తాయి. ఆ రెండింటినీ వేరుచేసి చదవడానికి సాహిత్య, సామాజిక చరిత్రల సాయం అవసరం.